హుండీ డబ్బు

హుండీ అనే మాటకి రెండు అర్థాలున్నాయని మా అత్తగారికి ఎవరూ చెప్పలేదు. ఆవిడకి తెలిసిన హుండీ ఒక్కటే. గుళ్ళో ఉంటుంది, మనం వేస్తాం, దేవుడు పుచ్చుకుంటాడు. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు బ్యాంకు గడప తొక్కకుండా అక్కడ ఒకడి చేతిలో డబ్బు పెడితే, ఇక్కడ ఇంకొకడు ఇంటికి తెచ్చి ఇచ్చే దొంగదారిని కూడా హుండీ అనే అంటారని ఆ డెబ్బై దాటిన మనిషికి ఎలా తెలుస్తుంది? నాకే ఆ వేసవిలో తెలిసింది. తెలియకుండా ఉంటే ఎంత బావుండేదో!

రెండువేల ఒకటో సంవత్సరం సంగతి. మేడ్చల్ స్టేషన్ వెనక కొత్తగా వేసిన కాలనీలో ఉండేవాళ్ళం. అమలాపురం వైపు నుంచి వచ్చి ఎన్నేళ్ళయినా మా ఇంట్లో మాటా మారలేదు, వంటా మారలేదు. మావారు చలపతిరావు జీడిమెట్లలో టానిక్ సీసాలకి లేబుళ్ళు అచ్చువేసే ప్రెస్సులో కటింగ్ మిషన్ మీద పనిచేసేవారు. లేబుళ్ళు కోయగా మిగిలిన కాగితం కట్టలుకట్టి ఇంటికి తెచ్చేవారు. లేత గులాబీ రంగు, ఒకవైపు నున్నగా, ఒకవైపు గరుకుగా, అంచున సన్నటి ఎర్ర గీత. పెనం తుడిచినా అదే, పకోడీలు పెట్టినా అదే, మంచం కోడు కింద ఎత్తు పెట్టినా అదే. మా ఇంట్లో ఆ గులాబీ కాగితం లేని మూల ఉండేది కాదు.

మస్కట్‌లో ఉండేది మావారి అక్క కామేశ్వరి. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోతే, ఎవరి పంచనా చేరకుండా నర్సు చదువు చదివి అక్కడికి వెళ్ళిపోయారు. ఇరవయ్యేళ్ళు ఒకే ఆసుపత్రి. ఆ ఇరవయ్యేళ్ళూ నలుగురు నర్సులకి ఒక గది, మంచం మీద మంచం. ఇంక చాలు, వచ్చేస్తానన్నారు ఆ ఉగాదికి. అత్వెల్లిలో ఎల్లయ్య అనే రైతు పొలం అంచున రెండొందల గజాలు బేరం చేసి, పాతికవేలు బయానా కూడా ఇచ్చి ఉన్నాం. అందులో రెండు గదులు వేసుకుని తల్లిని దగ్గర పెట్టుకోవాలని ఆవిడ కోరిక.

"నా గది తలుపు నేనే లోపల్నుంచి గొళ్ళెం వేసుకోవాలి నాగమణీ. అంతకన్నా నాకేం అక్కర్లేదు," అనేవారు ఫోన్లో. నాకు నవ్వొచ్చేది. గొళ్ళెం కోసం కూడా ఎవరైనా ఇంత ఆశపడతారా అనుకునేదాన్ని.

ఆసుపత్రివాళ్ళు ఇరవయ్యేళ్ళ సర్వీసుకి ఇచ్చింది, ఆవిడ దాచుకున్నది, అంతా కలిపితే మన డబ్బులో నాలుగు లక్షలయింది. అది ఇక్కడికి ఎలా పంపాలన్నదే మా ఇంట్లో ఆ ఏప్రిల్ నెల గొడవ. శుక్రవారం ఆవిడకి సెలవు. ఆ రోజే ఫోన్ చేసేవారు. మావారు రిసీవర్ పట్టుకుని వీధి చివరికి వినపడేలా అరిచేవారు.

"అక్కా, బ్యాంకు వద్దు! రియాలుకి వాడిచ్చే రేటే తక్కువ, పైన డ్రాఫ్టుకి కమీషను, ఇక్కడ మళ్ళీ ఇంకో చార్జీ. మూడు చోట్ల కోస్తాడు. హుండీలో అయితే రియాలుకి రెండు రూపాయలు ఎక్కువొస్తుంది. మర్నాడే ఇంటికి తెచ్చిస్తారు."

"నాకు భయంరా చలపతీ," వదినగారి గొంతు రిసీవర్ దాటి నాదాకా వినిపిస్తోంది. "ఇన్నేళ్ళూ అమ్మ పేరుమీద డ్రాఫ్టే పంపాను. ఏనాడూ పైసా తేడా రాలేదు."

"ఏడాదికో పాతికవేలు పంపడం వేరు, ఇది వేరు. ఎనిమిది వేలు మిగుల్తుందక్కా! ఆ డబ్బుతో నీ ఇంటికి తలుపులన్నీ వచ్చేస్తాయి."

తలుపులు అనేసరికి ఆవిడ మెత్తబడ్డారు. అక్క కష్టం మీద తమ్ముడికి ఎంత ప్రేమో అని నేను మురిసిపోయాను. ఫోన్ పెట్టేశాక మావారు గొంతు తగ్గించి, "ఇది చట్టం ఒప్పుకునే పని కాదు. బయట అనకు. పోలీసు గొడవవుతుంది," అన్నారు. అప్పట్నుంచి మా ఇంట్లో ఆ మాట గుసగుసగానే నడిచింది. హుండీ డబ్బు ఎప్పుడొస్తుందట? హుండీ డబ్బు బయల్దేరిందట. గుసగుస ఎప్పుడూ గట్టి మాటకన్నా బాగా వినిపిస్తుంది కదా! వత్తులు చేసుకుంటూ మా అత్తగారు దుర్గమ్మగారు అన్నీ విన్నారు, తనకి తెలిసినట్టు అర్థం చేసుకున్నారు.

ఆవిడ లెక్క ఆవిడకి ఉంది మరి. కూతురు సముద్రం దాటిన ఏడే మొక్కుకున్నారు, అది క్షేమంగా ఇంటికొచ్చే ఏడు దాని కష్టార్జితంలోంచి వెంకన్న హుండీలో వేయిస్తానని. ఫోన్ వచ్చినప్పుడల్లా, "మొక్కు మర్చిపోకే," అనేవారు. "పంపిస్తానమ్మా," అనేది కూతురు. స్థలం డబ్బంటారా, అది ఎప్పటిలా తన పేరుమీద డ్రాఫ్టుగా వస్తుందనే అనుకుంటున్నారు. ఇంక ఈ హుండీ డబ్బు మొక్కు డబ్బు కాక మరేమిటి?

ఒక ఆదివారం పొద్దున్న ఎవరో హీరో హోండా మీద వచ్చాడు. సన్నగా, చెమటలు కారుతూ, ఎల్ఐసీ ఏజెంటులా ఉన్నాడు. అత్తగారు స్నానానికి వెళ్ళారు. మావారు జేబులోంచి పది రూపాయల నోటు తీసిస్తే, అతను దాని మీద నంబరు తన దగ్గరున్న చీటీతో సరిచూసుకున్నాడు. ఆ నోటు నంబరే శుక్రవారం ఫోన్లో మావారు మస్కట్‌కి చెప్పారట. అదే రసీదు, అదే సంతకం. నోటు జేబులో వేసుకుని, బండికి తగిలించిన క్యారేజీ సంచి తెచ్చి, నాలుగు కట్టలు మంచం మీద పెట్టాడు. అప్పుడే కొత్తగా వచ్చిన వెయ్యి రూపాయల నోట్లు. మావారు లెక్కపెడుతుంటే నేను పక్కనే నిలబడి చూశాను. నా జన్మలో అంత డబ్బు ఒక్కచోట చూడలేదు.

ఇంటికి లక్ష్మి వచ్చిందని నేనే పసుపు గుడ్డలో చుట్టి, దేవుడి దగ్గర ఒక్క నిమిషం పెట్టి, బీరువాలో దాచాను. మర్నాడు సాయంత్రం చూస్తే ఆ మూటకి చుట్టూ కుట్లు పడి ఉన్నాయి. ప్రెస్సులో పార్సిళ్ళు కుట్టే లావుపాటి దారం.

"ఎవరంటే వాళ్ళు విప్పకుండా," అన్నారు మావారు. ఎంత జాగ్రత్త మనిషో అనుకున్నాను.

తరవాత శుక్రవారం ఫోన్ వస్తే మొదట అత్తగారు తీశారు. నాకు ఇటువైపు మాటలే వినిపించాయి.

"ఆ, హుండీ డబ్బు అందిందే తల్లీ. పసుపు గుడ్డలో కట్టి ఉంది... నీ కష్టమని నాకు తెలియదూ? నేను చూసుకుంటాగా! నువ్వు దిగులు పెట్టుకోకు."

ఆ మర్నాడే శనివారం. కాలనీ ఆడవాళ్ళంతా వ్యాను మాట్లాడుకుని శామీర్‌పేట చెరువు దాటాక ఉన్న గుట్టమీది వెంకన్న గుడికి వెళ్తుంటే, అత్తగారూ వెళ్ళారు. నాకు మామిడికాయలు కోసే పని ఉండి వెళ్ళలేదు. మధ్యాహ్నం ఎండలో తిరిగొచ్చారు. మొహం వెలిగిపోతోంది. చేతిలో పులిహోర పొట్లం.

"అమ్మయ్య! ఇరవయ్యేళ్ళ భారం తీరింది అమ్మాయ్. కామేశ్వరి మొక్కు తీర్చేశాను."

"ఏం మొక్కు అత్తయ్యా?"

"అదేనే, హుండీ డబ్బు. బీరువాలో ఉందిగా పసుపు మూట? కుట్లు కూడా విప్పలేదు. ఎంత పంపిందో దానికీ దేవుడికీ తెలియాలి, మనకెందుకు? అలాగే హుండీలో వేసి దణ్ణం పెట్టుకున్నాను."

నా కాలికింది కత్తిపీట పక్కకి ఒరిగింది. ఒక్క పరుగున వెళ్ళి బీరువా తీశాను. చీరలన్నీ కింద పడేశాను. లేదు. మూట ఉన్న చోట కర్పూరం ఉండ ఒకటి ఉంది. అప్పుడు వచ్చింది చూడండి నాకు గొంతు, కాలనీ అంతా వినపడేలా వచ్చింది.

"ఎంత పని చేశారు అత్తయ్యా! నాలుగు లక్షలు! వదిన ఇల్లు, వదిన బతుకు హుండీలో వేసొచ్చారే!"

ఆవిడకి ముందు అర్థంకాలేదు. నవ్వబోయారు కూడా. నేను నెత్తి కొట్టుకుంటూ హుండీ అంటే ఏమిటో, ఆ మూటలో ఏముందో చెప్పుకొచ్చేసరికి పులిహోర పొట్లం చేతిలోనే పట్టుకుని నేలమీద చతికిలబడ్డారు. "స్థలం డబ్బు బ్యాంకులో కదే వస్తుంది," అన్నారు. "ఎప్పుడూ బ్యాంకులో కదే వస్తుంది." అదే మాట మళ్ళీ మళ్ళీ. నాకు కోపంతో పాటు భయం కూడా వేసింది.

సాయంత్రం మావారు వచ్చారు. చెప్పాను. గోడకి చేరగిలబడ్డారు. మొహంలో నెత్తురుచుక్క లేదు. ఒక్క మాట అడిగారు.

"వేస్తుంటే ఎవరైనా విప్పి చూశారా?"

"కుట్లు కూడా విప్పలేదుట."

ఆయన కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు. పాపం, షాక్ తగిలిందనుకున్నాను.

మర్నాడు నేనొక్కదాన్నే బస్సెక్కి గుట్టకి వెళ్ళాను. మావారు రానన్నారు. "ఏ డబ్బు, ఎక్కడిది అని అడిగితే ఏం చెప్తావే? అందరం జైలుకి పోతాం," అని. గుడి కమిటీ పెద్ద లింగస్వామి మంచివాడే. హుండీ చూపించాడు. పెద్ద రాగి గంగాళానికి తెల్లటి గుడ్డ సంచి తొడిగి, నోరు తెరిచి, మెడకి తాడు కట్టి లక్కముద్ర వేసి ఉంది. చెయ్యి పెడితే అందేంత దూరంలో మా వదిన ఇరవయ్యేళ్ళ బతుకు ఉంది. నేను చూస్తుండగానే ఎవరో చిన్నపిల్ల దాని మీద రూపాయి బిళ్ళ వేసింది.

"ఏసినంక దేవునిదేనమ్మా," అన్నాడు లింగస్వామి. "నా చేతుల ఏమున్నది? దేవాదాయపోళ్ళు వస్తె తప్ప సీలు తియ్యరాదు. మిర్గానికి ముంగట ఓసారి లెక్కవెడ్తరు. అప్పుడు రాండ్రి. సేవకు కూసోండ్రి. మూట దొర్కితె గా సారుకు నేను గూడ జెప్త. ముసలామె ఎరుకలేక ఏసింది గదా. దయగలోడైతె ఇడుస్తడు."

మృగశిర కార్తెని ఇక్కడివాళ్ళు మిర్గం అంటారు, జూన్ మొదట్లో వస్తుంది. ఆ ఒక్క ఆశతో తిరిగొచ్చాను. మావారికి చెప్తే కసురుకున్నారు. "దేవుడి సొమ్ము వెనక్కి అడుగుతావా? పోయిందేదో పోయింది. అక్కకి నేను చెప్పుకుంటాను." అంతకుముందు ఏనాడూ ఆయన దేవుడికి అంతగా భయపడటం నేను చూడలేదు.

మే నెల మధ్యలో వదినగారు దిగారు. బేగంపేట విమానాశ్రయంలో ట్రాలీ తోసుకుంటూ చిన్నపిల్లలా నవ్వుతూ వచ్చారు. ఇంటికొచ్చి సామాను విప్పే ముందే పెట్టెలోంచి ఒక పొట్లం తీసి చూపించారు. ఇత్తడి గొళ్ళెం. బరువుగా, పచ్చగా మెరిసిపోతోంది. "అక్కడ మత్రా బజార్లో కొన్నాను. ఎలా ఉంది?"

అప్పుడే చెప్పాల్సొచ్చింది. చెప్పింది మావారే. "మా అమ్మ చేసిన నిర్వాకం వినక్కా," అంటూ మొదలుపెట్టారు. అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్నారు. వదినగారు మొత్తం విన్నారు. ఒళ్ళో ఉన్న గొళ్ళేన్ని లాగుతూ, మూస్తూ, లాగుతూ, మూస్తూ ఉండిపోయారు. టక్కు టక్కుమని ఆ చప్పుడొక్కటే. ఆ చప్పుడు వినలేక నేను పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను.

నేను లోపలికొచ్చేసరికి వదినగారు లేచి తల్లి దగ్గరికి వెళ్ళి, "నువ్వేం చేస్తావమ్మా, హుండీకి ఒప్పుకున్నది నేనే కదా," అన్నారు.

అలా అన్నందుకైనా అత్తగారు తేరుకుంటారనుకున్నాను. లేదు. మూట పోయిన రోజు నుంచీ ఆవిడ అన్నం మానేశారు. పగలు ఇంత మజ్జిగ, రాత్రి ఒక అరటిపండు. ఎంత బతిమాలినా వినరు. "దాని నోటి దగ్గర కూడు తీసేశాను. నేనెలా తింటానే?" అంటారు. చేతుల గాజులు మోచేతుల దాకా జారిపోతున్నాయి. కోపంలో నేనన్న మాటలకి నన్ను నేను తిట్టుకోని రోజు లేదు. మావారు మాత్రం పళ్ళెం ముందు కూర్చుని తల ఎత్తకుండా తినేసి వెళ్ళిపోయేవారు.

ఒకరోజు ఎల్లయ్య, అతని భార్య సత్తమ్మ అత్వెల్లి నుంచి వచ్చారు. బయానా ఇచ్చి రెండు నెలలవుతోంది మరి.

"మా అమ్మ డబ్బంతా హుండీలో పడేసిందయ్యా," అన్నారు మావారు, అత్తగారు అక్కడే ఉండగా.

"గట్లెట్లయితది సారూ!" ఎల్లయ్య నోరు తెరిచాడు. కాసేపు తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. "నేను మిర్గం దాంక ఆగుత. ఆనలు వడ్డంక నాతోని గాదు. బోరేయించాలె. గుండ్లపోచంపల్లి కెల్లి ఒకాయన దినాం వచ్చి అడుగుతాండు. మీకు మాటిచ్చిన గనక ఆగిన."

సత్తమ్మ వెళ్ళి అత్తగారి పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ఏందవ్వా, గిట్ల కట్టెలెక్క అయినవు? ఎరుకలేక జేసినవు గదా. జరంత తినవ్వా, గిట్లయితే పానం ఉంటదా?"

అత్తగారు తల అడ్డంగా ఊపారు.

మిర్గం ఇంకా నాలుగైదు రోజులుందనగా హుండీ లెక్కింపు పెట్టారు. వదినగారు, నేను తలంటుకుని మొదటి బస్సుకే వెళ్ళాం. మావారికి చెప్పకుండా వెళ్ళాం. వదినగారు మూట తీసుకురావడానికి తోలుసంచి కూడా తెచ్చుకున్నారు. దారంతా ఒక్క మాటే: "దొరికితే మొదట అమ్మకి చూపించాలి."

మండపంలో తెల్లటి దుప్పట్లు పరిచారు. దేవాదాయ శాఖ ఆయన కుర్చీలో కూర్చున్నాడు. లింగస్వామి ఆయన చెవిలో మా సంగతి చెప్పాడు. ఆయన మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి, "దొరకనివ్వండి, చూద్దాం," అన్నాడు. కాదనలేదు! అక్కడి పద్ధతి ప్రకారం అందరం చేతులు కడుక్కుని బాసింపట్టు వేసుకుని కూర్చున్నాం. లెక్క పూర్తయ్యేదాకా ఎవరూ లేవకూడదు. లక్కముద్ర తీసి, గుడ్డసంచి ఎత్తి దుప్పటి మీద కుమ్మరించారు. నాణేలు, నలిగిన నోట్లు, పసుపుకొమ్ములు, ఎవరిదో తాళిబొట్టు, వెండి కళ్ళు. వాటి మధ్యలో దబ్బుమని పసుపు మూట.

"గిదేనా అమ్మా?" లింగస్వామి ఎత్తి పట్టుకున్నాడు.

"అదే, అదే!" ఇద్దరం ఒక్కసారే అరిచాం. ఆ లావుపాటి దారం, ఆ కుట్లు, అన్నీ అలాగే ఉన్నాయి. వదినగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. గోళ్ళు దిగాయి.

అతను బ్లేడుతో కుట్లు తెంపి గుడ్డ విప్పాడు.

గులాబీ రంగు.

నోట్ల కొలతకి కోసి, నాలుగు కట్టలుగా కట్టిన కాగితం. ఒకవైపు నున్నగా, ఒకవైపు గరుకుగా. అంచున సన్నటి ఎర్ర గీత. చేత్తో కోస్తే అంత సూటిగా రాదు. మిషన్ ఒక్క వేటుకి తెగినట్టు నాలుగు కట్టలూ సమానంగా ఉన్నాయి.

మండపంలో ఎవరో ఫక్కున నవ్వారు.

"ఏందమ్మా గిది?" అన్నాడు లింగస్వామి.

"నాలుగు లక్షలన్నారు?" కుర్చీలో ఆయన ముందుకి వంగాడు.

నేను నోరు తెరిచాను. ఏం చెప్పేదాన్నో నాకే తెలియదు. నాకంటే ముందు వదినగారు మాట్లాడారు. గొంతు చాలా మామూలుగా ఉంది.

"మాది కాదండి. గుడ్డ చూసి పొరబడ్డాం. మా మూట వేరే."

"దేవునికి గూడ దగా జేస్తున్రు సారూ జనాలు," అంటూ లింగస్వామి ఆ కట్టల్ని చెత్త గంపలోకి విసిరేశాడు. ఒక్క కాగితం ఎగిరి నా ఒళ్ళో పడింది. కొంగు కింద దాచుకున్నాను.

లేవకూడదు కదా. సాయంత్రం దాకా అక్కడే కూర్చుని ఎవరెవరో వేసిన డబ్బు లెక్కపెట్టాం. వదినగారు రూపాయి బిళ్ళలు పదేసి చొప్పున దొంతర్లు పేరుస్తూ పోయారు. నాకు మాత్రం కళ్ళముందు ఏ నోటూ ఆనలేదు. మావారు అడిగిన మాటే చెవుల్లో గింగురుమంటోంది. వేస్తుంటే ఎవరైనా విప్పి చూశారా? పదహారేళ్ళు ఆ మనిషితో కాపరం చేశాను!

తిరుగు బస్సులో శామీర్‌పేట దాటాక వదినగారు అడిగారు.

"మొన్న పకోడీలు ఆ కాగితంలోనే కదూ పెట్టావు?"

"అవును వదినా."

ఇంటికొచ్చేసరికి మావారు భోజనానికి కూర్చున్నారు. అత్తగారు ఆయనకి వడ్డిస్తున్నారు. మమ్మల్ని చూడగానే గరిటె పట్టుకునే ఎదురొచ్చారు.

"దొరికిందా?"

వదినగారు నా వైపు చూశారు. దొరకలేదంటే ఈ మనిషి ఇంకో నెల కూడా బతకదు. నిజం చెప్తే నా కాపరం ఏమవుతుందో తెలియదు. చెప్పడమో మానడమో నాకే వదిలేశారు ఆవిడ. కొంగు కింది కాగితం తీసి మావారి పళ్ళెం పక్కన పెట్టాను.

"మీరు హుండీలో డబ్బు వేయలేదు అత్తయ్యా. మూటలో ఉన్నది ఇదీ."

ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. బుకాయిస్తారేమో అనుకున్నాను. బుకాయించినా బావుండేది. తల వంచుకుని, పళ్ళెంతో చెప్పుకున్నట్టు చెప్పారు. ప్రెస్సులో పనివాళ్ళందరి చేతా ఒక ఫైనాన్స్ కంపెనీలో డబ్బు కట్టించారట. ఎక్కువ వడ్డీ అని. మార్చిలో వాడు షట్టరు దించేశాడు. కార్డులు రాయించింది నువ్వే, నువ్వే ఇవ్వాలని వాళ్ళు ఇంటిమీదికి రాబోయారట. మూటలో డబ్బు తీసి అందరికీ ఇచ్చేశారట.

"నువ్వొచ్చేలోపు ఎక్కడైనా తెచ్చి సర్దేద్దామనుకున్నానక్కా. ఈలోగా అమ్మ..."

"డబ్బు సంగతి అడగట్లేదురా," అన్నారు వదినగారు. "అమ్మ తిండి మానేసి ఎండిపోతుంటే, ఆవిడ ఎదురుగా కూర్చుని నువ్వెలా తిన్నావురా?"

అత్తగారు వంగి ఆ కాగితం తీసుకున్నారు. కంటికి దగ్గరగా పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. రోజూ పెనం తుడిచే కాగితం, ఆవిడకి ఒకరు చెప్పాలా?

"అయితే నేను వెంకన్నకి చిత్తుకాగితాలు వేసొచ్చానా?" అన్నారు. "దాని మొక్కు ఇంకా తీరలేదన్నమాట."

కొడుకు వైపు చూడలేదు. గరిటె గిన్నెలో పెట్టేసి, చెయ్యి కడుక్కుని, పీట వాల్చుకున్నారు. కొడుక్కి వీపు పెట్టి కూర్చున్నారు.

"నాగమణీ, అన్నం పెట్టమ్మా. ఆకలేస్తోంది."

పెట్టాను. పప్పూ, ఆవకాయా, రెండోసారీ పెట్టాను. మా ఇంట్లో ఆ పూట ఆవిడ తిన్న చప్పుడు తప్ప ఇంకేం లేదు.

మిర్గం వచ్చింది, వాన పడింది. ఎల్లయ్య బయానా పాతికవేలూ పైసా తగ్గకుండా తిరిగిచ్చేసి స్థలం గుండ్లపోచంపల్లి ఆయనకి రాసిచ్చాడు. జూలైలో వదినగారు మళ్ళీ మస్కట్ ప్రయాణమయ్యారు. యాభై రెండేళ్ళ వయసులో అదే ఆసుపత్రి, అదే గది. "ఈసారి కిందిమంచం ఇస్తామన్నార్లే," అని నవ్వారు నాతో. గొళ్ళెం పెట్టెలో అడుగున, చీరల కింద పెట్టుకోవడం చూశాను.

గేటు దగ్గర ఆటో ఆగింది. మావారు పెట్టె ఎత్తి లోపల పెట్టారు. వాళ్ళిద్దరూ మాట్లాడుకుని నెల దాటింది. ఆయన ఆటో కమ్మీ పట్టుకుని, "అక్కా, అమ్మ ఖర్చుకి నువ్వేం పంపక్కర్లేదు. నేను..." అని ఆగిపోయారు.

"పంపిస్తాను. అమ్మ పేరుమీద, బ్యాంకులోనే పంపిస్తాను," అన్నారు వదినగారు. "వాడు కోసుకుంటే కోసుకోనీరా. ఎంత కోశాడో కాగితం మీద రాసిస్తాడు."